హాలు సీలింగ్‌కి కోవ్ లైటింగ్: పెట్టించాలా, వద్దా?

ప్రశ్న:
మా ఫ్లాట్‌లో హాలు 12 బై 16 అడుగులు, శ్లాబు ఎత్తు తొమ్మిదిన్నర. ఫాల్స్ సీలింగ్ వేసి, చుట్టూ గూడులా కట్టి అందులో స్ట్రిప్ లైటు దాస్తానని మేస్త్రి అంటున్నారు. బల్బు కనపడకుండా వెలుగు మాత్రం పడటం మా ఆవిడకి నచ్చింది. ఉన్న ఎత్తు తగ్గించుకోవడం దేనికి, ట్యూబులైటు చాలదా అని నాన్నగారు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు 1:
నా మాట వద్దనే. మా ఇంట్లో పెట్టించి నాలుగేళ్లయింది. గూట్లో దుమ్ము పేరుకుంటుంది, పురుగులు పడి చస్తాయి, వాటికోసం బల్లులు చేరతాయి. పండక్కి దులుపుదామని నిచ్చెనెక్కితే చెయ్యి దూరదు. ఆ వెలుగులో పేపరు కూడా చదవలేం.

జవాబు 2:
దుమ్ము నిజమే, కాదనను. కానీ చెయ్యి దూరకపోవడం కట్టినవాళ్ల తప్పండీ. శ్లాబుకీ గూటి అంచుకీ మధ్య కనీసం నాలుగైదు అంగుళాల సందు వదలాలి. అప్పుడు గుడ్డతో తుడుచుకోవచ్చు. సందు ఇరుకైతే వెలుగు పరుచుకోదు, అంచు వెంట తెల్లటి గీతలా మండుతుంది.

నాన్నగారి బెంగకి దారి ఉంది. హాలంతా దించొద్దు. గోడల వెంట రెండడుగుల పట్టీ మాత్రం ఎనిమిది అంగుళాలు దించి, మధ్యలో శ్లాబుని అలాగే వదిలేయండి. ఫ్యాను ఉన్న కొక్కేనికే ఉంటుంది. ఆ శ్లాబుకి పుట్టీ మాత్రం శ్రద్ధగా పెట్టించి, మెరుపు లేని పెయింటు వేయించండి. పక్కనుంచి పడే వెలుగులో చిన్న గుంట కూడా దాగదు.

అన్నిటికంటే ముఖ్యం డ్రైవర్, అంటే ఇంటి కరెంటుని స్ట్రిప్‌కి సరిపడా తక్కువ వోల్టులకి మార్చే పెట్టె. మా ఇంట్లో దాన్ని జిప్సం బోర్డు వెనక పెట్టి మూసేశారు. ఏడాదిన్నరకి పోయింది. ఎక్కడుందో ఎవరికీ తెలీక బోర్డుని మూడుచోట్ల కోశాం. రాత్రి లైటు వేస్తే ఆ అతుకులు ఇప్పటికీ మచ్చల్లా కనిపిస్తాయి, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. చేతికందే చోట పెట్టించండి, లేదా తెరిచే మూత పెట్టించండి.

జవాబు 3 (ఎలక్ట్రీషియన్):
మీ హాల్లో చుట్టూ రెండడుగుల పట్టీ పోను గూడు చుట్టుకొలత 40 అడుగులు, అంటే 12 మీటర్ల పైచిలుకు. 12 వోల్టుల స్ట్రిప్‌ని ఒక కొసనుంచి లాగితే రెండో కొస మసకబారుతుంది. 24 వోల్టులది తీసుకుని, ఐదేసి మీటర్లకి విడిగా కరెంటివ్వండి. మీటరుకి 10 వాట్లయితే మొత్తం 120 పైమాటే, డ్రైవర్ 150 వాట్లది ఉండాలి. రంగు 3000 కెల్విన్ (లేత పసుపు ఛాయ) వేస్తే సాయంత్రం కళ్లకి హాయిగా ఉంటుంది.

చదువు విషయంలో మొదటివారిదే న్యాయం. కోవ్ ఒక్కటీ చాలదు. పట్టీలో నాలుగు డౌన్‌లైట్లు (సీలింగ్‌లో ఇమిడి నేరుగా కిందికి వెలుగిచ్చేవి) వేరే స్విచ్‌మీద పెట్టించండి. అవి ఫ్యాను రెక్కల పైకి రాకుండా చూడండి, వస్తే వెలుగు మినుకుమినుకుమంటుంది.

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారికి చదివి వినిపించాను. మధ్యలో సీలింగ్ దించనంటే సరేనన్నారు, ఆయన కుర్చీ పక్క ట్యూబులైటు మాత్రం తీయొద్దన్నారు. రేపు మేస్త్రి రాగానే డ్రైవర్ ఎక్కడ పెడతారనే ముందు అడుగుతాను.