నాన్నమ్మ పందిరిమంచం కోయించి సోఫా చేయించుకోవడం తప్పా?

గోదారి అమ్మాయి:
అందరికీ నమస్కారమండీ. మా ఇంట్లో పది రోజులుగా నలుగుతున్న సంగతి ఇది. బయటివాళ్ళ మాట కూడా విందామని రాస్తున్నాను.

కోనసీమలో, రాజోలు దగ్గర మా ఊళ్ళో నాన్నమ్మ పందిరిమంచం ఉంది. టేకుది. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తరిమెన పట్టిన కోళ్ళు (మంచం కాళ్ళు), తలవైపు బోర్డు మీద ఎదురెదురుగా రెండు చిలకలు. నాన్నమ్మ పోయి రెండేళ్ళయింది, ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేస్తున్నారు. మంచం నేను తెచ్చుకుంటానని ముందుకొచ్చాను. మేముండేది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, రెండు పడగ్గదుల అద్దె ఇల్లు. ఇంకో మంచానికి చోటు లేదు. హాల్లో మాత్రం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప కూర్చోడానికేమీ లేదు.

వడ్రంగిని అడిగితే తలవైపు, కాళ్ళవైపు వెడల్పుకి ఉండే అడ్డపట్టెలు కోసి, కోళ్ళు పొట్టి చేసి, ముగ్గురు కూర్చునే మెత్తటి సోఫా చేసిస్తానన్నాడు. మిగిలిన కర్రతో చిన్న బెంచీ. మొత్తం 28 వేలు. నా దగ్గరున్నది 15 వేలు. నాన్నకి ఫోన్ చేసి చెబితే "నీ ఇష్టం అమ్మా" అని పెట్టేశారు. నాన్న అలా అన్నారంటే ఇష్టం లేదనే. కోయించనా? వద్దా? అసలు 15 వేలలో అవుతుందా?

పొదుపు పద్దు:
కోయించండి. అనుభవం మీద చెబుతున్నాను. మా తాతగారి మంచం "ఎవరూ ముట్టుకోవద్దు" అని పెద్దవాళ్ళు గొడ్లసావిట్లో పెట్టించారు. ఎనిమిదేళ్ళ తర్వాత చూస్తే రెండు కోళ్ళు చెద తినేసింది. మిగతాది పొయ్యిలోకి పోయింది. ఆ రోజు మా అమ్మ ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. రోజూ ఎవరో ఒకరు కూర్చునే వస్తువుని రోజూ తుడుస్తారు, పురుగు పడితే వెంటనే కనిపెడతారు. మూలన పెట్టి కాపాడటమనేది ఉండదండీ. మీ పిల్లలు దాని మీద కూర్చుని పాఠాలు చదువుకుంటే మీ నాన్నమ్మ బాధపడుతుందా?

చేవకర్ర:
అమ్మాయిగారూ, మాది మూడు తరాలుగా వడ్రంగమే. దయచేసి కోయించకండి. ఎందుకో చెబుతాను.

పాత మంచానికున్న విలువంతా దాని చేవలో ఉంది. చెట్టు మధ్యనుండే ముదురు కర్రలో నూనె ఉంటుంది, దాన్ని చెద అంత తేలిగ్గా ముట్టుకోదు. బెరడు పక్కనుండే తెల్ల కర్రని తినేస్తుంది. ఇప్పుడు టేకని అమ్మేదాంట్లో లేత తోట కర్ర చాలా వస్తోంది, తెల్లభాగం ఎక్కువ. పొదుపు పద్దు గారి తాతగారి మంచం కోళ్ళు నేల తేమలో నిలబడి ఉంటాయి, పైగా తెల్లభాగం కలిసుంటుంది.

రెండో మాట. మీ వడ్రంగి అడ్డపట్టెలు కోస్తానన్నాడంటే కుసులు తీసేస్తాడన్నమాట. పట్టె చివర సన్నగా చెక్కిన కుసి, కోడులో తొలిచిన బెజ్జంలో దిగి బిగుసుకుంటుంది. ఆ బిగువే మంచాన్ని అన్నేళ్ళు కిర్రుమనకుండా నిలబెట్టింది. దాన్ని కోసి ఇనుప మూలకట్టు, స్క్రూలు వేస్తే మూడేళ్ళలో ఊగడం మొదలవుతుంది. సోఫా మీద జనం మంచం మీద పడుకున్నట్టు నిదానంగా వాలరు, దబ్బున కూర్చుంటారు, అంచున కూర్చుంటారు.

పొదుపు పద్దు:
చేవకర్ర గారూ, మీ పనితనం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. కోయకపోతే నాలుగడుగుల వెడల్పు మంచం మీద ఎలా కూర్చుంటారు? వీపు ఆనించుకుంటే కాళ్ళు మంచం మీదే ఉంటాయి. కాళ్ళు దించితే వీపుకి ఆసరా ఉండదు. ఆ హాల్లో నాలుగడుగులు పోతే నడిచే దారేది? కోయొద్దని చెప్పడం తేలిక, ఆ ఇంట్లో ఉండేది ఆవిడ.

లెక్కల మాస్టారు:
పద్దుగారి ప్రశ్న సరైనదే. సోఫాలో కూర్చునే లోతు 20 నుంచి 22 అంగుళాలుండాలి. నాలుగడుగులంటే 48 అంగుళాలు. వీపు వెనక 26 అంగుళాల దిండ్లు పేర్చాలి. అది కుదరదు. 32 అంగుళాలకి దిగితే వెనక పది అంగుళాల దిండు వేసి హాయిగా కూర్చోవచ్చు. ఎలా దించాలన్నదే మిగిలిన ప్రశ్న.

పాత పెరడు:
అమ్మా, మీరంతా కర్ర గురించి మాట్లాడుతున్నారు. నల్లుల సంగతి ఎవరైనా ఆలోచించారా? మా చిన్నప్పుడు వేసవి రాగానే మంచాలన్నీ పెరట్లోకి ఈడ్చి, మూలమూలకీ మరిగే నీళ్ళు పోసి, ఎండలో పడేసేవాళ్ళం. పట్టె కోడులో దిగే సందుల్లోనే నల్లుల కాపురం. ఇప్పుడు మీరు ఆ సందుల మీద స్పాంజి పరిచి, చుట్టూ గుడ్డ వేసి మేకులు కొట్టేస్తే, లోపల ఏముందో చచ్చినా కనపడదు. హైదరాబాదు తెచ్చే ముందు ఊళ్ళోనే విడదీయించి, మరిగే నీళ్ళు పోసి, మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. గుడ్డని మాత్రం మేకులతో బిగించకండి. జిప్పు పెట్టి గలేబు కుట్టించండి, నెలకోసారి విప్పి చూసుకోవచ్చు, ఉతుక్కోవచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు తల్లీ. పోయినవాళ్ళ మంచం వాడకూడదనే పట్టింపు మీ ఇళ్ళల్లో ఉందేమో పెద్దవాళ్ళని అడుగు.

గోదారి అమ్మాయి:
కోపమెందుకు పిన్నిగారూ. పదకొండో రోజున నాన్న శయ్యాదానం కొత్త మంచంతో ఇచ్చారు. ఈ మంచాన్ని ఇవ్వలేక కొత్తది కొన్నారని అత్తయ్య ఇప్పుడు చెబుతోంది. అప్పుడు నాకు తెలియదు. తెలిశాక కోయించాలంటే చేతులు రావడం లేదు. కానీ పద్దుగారన్నది కూడా నిజమే. ఇల్లు అప్పగించేలోపు తెచ్చుకోకపోతే మంచం ఎవరో పాతసామాన్లవాళ్ళ బండెక్కుతుంది.

ఓరుగల్లు బిడ్డ:
అక్కా, పాత సామాన్ల దాక వచ్చింది గాబట్టి చెప్తున్న. హైదరాబాద్‌ల జుమేరాత్ బజార్ల గురువారం సంతకు పోయి సూడుండ్రి, ఎవరెవరి ఇంట్ల మంచాలో కోళ్ళు ఓ దిక్కు, బోర్డు ఓ దిక్కు అమ్ముతుంటరు. చూస్తే పానం ఉసూరుమంటది. గట్ల కానియ్యొద్దు. కోసినా మంచిదే, ఇంట్ల ఉంటే చాలు.

చేవకర్ర:
ఇంట్లో ఉండాలి, కోయకూడదు, 32 అంగుళాలకి దిగాలి. మూడూ కుదిరే దారి ఉంది. నిన్న రాత్రి మా నాన్నతో మాట్లాడి రాస్తున్నాను.

పందిరిమంచాలు విడదీసి కట్టుకునేలాగే చేసేవాళ్ళు, ఇరుకు తలుపుల్లోంచి పోవాలి కదా. మీ మంచాన్ని విడదీస్తే నాలుగు కోళ్ళు, రెండు పొడుగు పట్టెలు, రెండు అడ్డపట్టెలు, బోర్డు, పందిరి కర్రలు వస్తాయి. మీకు అడ్డొస్తున్నవి అడ్డపట్టెలు రెండే. వాటిని కోయకుండా గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. పాత టేకు ద్వారబంధాలు అమ్మేచోట ముక్కలు దొరుకుతాయి, వాటితో 32 అంగుళాల వెడల్పు వచ్చేలా రెండు కొత్త అడ్డపట్టెలు చేయించండి. కుసులు మాత్రం మీ కోళ్ళ బెజ్జాలకి సరిపోయేలా చెక్కాలి, అందుకని ఒక పాత అడ్డపట్టెని వడ్రంగి ముందు పెట్టండి. రేపు సొంత ఇల్లు కట్టుకున్నాక అటక మీది పట్టెలు దించితే మళ్ళీ నాన్నమ్మ మంచమే.

కోళ్ళూ పొట్టి చేయనక్కర్లేదు. నేలనుంచి పట్టె పైఅంచుకి 20 అంగుళాలుందనుకోండి. పట్టె లోపలి వైపు మూడంగుళాల కిందకి బద్దీ స్క్రూలతో బిగించి, దాని మీద అడ్డంగా చెక్కలు పరిస్తే అడుగు 17 అంగుళాల దగ్గరుంటుంది. నాలుగంగుళాల పరుపు పట్టెల మధ్యలో కూర్చుంటుంది, జారదు. మనిషి కూర్చుంటే అణిగి 19, 20 దగ్గర ఆగుతుంది. మామూలు సోఫాకన్నా కాస్త ఎత్తే, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి లేవడం సులువు. స్క్రూల బెజ్జాలు లోపలివైపు మిగులుతాయి, అంతే నష్టం. ఆరున్నర అడుగుల ముందుపట్టె కింద మధ్యలో ఒక ఆసరా కాలు తప్పనిసరి.

పాత పెరడు:
చెక్కలెందుకు నాయనా, నవారు అల్లితే స్ప్రింగులా ఉంటుంది కదా? ఖర్చూ తక్కువ.

చేవకర్ర:
పడుకోడానికి నవారు బంగారమండీ పిన్నిగారూ. కూర్చోడానికి పనికిరాదు. నవారు పొడుగు పట్టెలు రెండింటినీ లోపలికి లాగుతుంది. పడుకుంటే బరువు మంచమంతా పరుచుకుంటుంది. ముగ్గురు ముందంచున కూర్చుంటే గుంట పడి ముందుపట్టె వంగుతుంది, బిగించినా నెలలో మళ్ళీ వదులవుతుంది. చెక్కల మధ్య రెండంగుళాల సందు వదిలితే గాలి ఆడుతుంది, పరుపు అడుగున చెమ్మ పట్టదు.

పొదుపు పద్దు:
కోయకుండా వెడల్పు తగ్గుతుందని నాకు తట్టలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ బోర్డు సంగతి? నాలుగడుగుల బోర్డు 32 అంగుళాల వెడల్పులో పట్టదు. అదీ అటకేనా? అటక మీద పెట్టినదాన్ని ఏడాదికోసారైనా ఎవరు దించి చూస్తారు? నా భయం అక్కడే ఉంది.

లెక్కల మాస్టారు:
బోర్డుని సోఫా పైన గోడకి తగిలించండి. చిలకలు కంటికెదురుగా ఉంటాయి.

ఇక స్పాంజి. ఇక్కడ మోసపోవడం ఖాయం, అందుకే లెక్క చెబుతాను. కొట్లో "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటారు. ఘనపు మీటరు స్పాంజి అన్ని కిలోలు తూగాలని దానర్థం. మీకు కావలసింది 78 అంగుళాల పొడవు, 32 వెడల్పు, 4 మందం. అది 0.164 ఘనపు మీటరు. 32 డెన్సిటీ అయితే 5.2 కిలోలు, 40 అయితే 6.5 కిలోలు తూగాలి. కొట్లోనే కాటా మీద పెట్టించండి. 40 అని చెప్పిన ముక్క నాలుగున్నర కిలోలు తూగితే మీ చేతికొచ్చింది 28 కూడా కాదు. రోజూ కూర్చునేదానికి 40కి తగ్గకండి, తక్కువది ఏడాదికే మనిషి ఆకారం పడిపోతుంది.

ఓరుగల్లు బిడ్డ:
గుడ్డ సంగతి నాకొదిలెయ్యుండ్రి. రెక్సిన్ వద్దే వద్దు. ఎండకాలం తొడలకు అతుక్కుంటది, కొన్నేండ్లకు పొక్కులు లేచి పొట్టు రాలుతది. మంగళగిరి, పోచంపల్లి నూలు అందంగుంటయి గానీ చీర కోసం నేసిన పల్చటి గుడ్డ కూర్చునేదానికి ఆగది, కుట్టు కాడ చిరుగుతది. వరంగల్ కొత్తవాడల నేసే దర్రీలు, అంటే జంపఖానాలు, సూడుండ్రి. మందం నూలు, దగ్గర దగ్గర నేత. 2018ల భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. ఒక దర్రీ పైన పరిచి, కింద జిప్పు గలేబుకు మామూలు మందం కాటన్ వేస్తే కుట్టుకూలి గూడ తగ్గుతది. దర్రీని దులిపి ఎండకేస్తే సరి. మా ఇంట్ల ఆరేండ్ల సంది అదే.

డాలస్ నుంచి:
ఒక్క హెచ్చరిక. మంచానికి ఎప్పుడైనా రంగు వేశారా? మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ఎనామెల్ పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంట్లో పిల్లలున్నారు కదా, పొడిగా ఉప్పుకాగితం పట్టి గీకించకండి. తడిపి, బయట, మాస్కు పెట్టుకుని చేయించాలి. ఆ ధూళి ఇంట్లోకి రాకూడదు.

గోదారి అమ్మాయి:
రంగు వేయలేదండీ, వట్టి పాలిష్. చెప్పినందుకు కృతజ్ఞతలు.

లెక్క వేశాను. పాత టేకు ముక్కలు 1,800. వడ్రంగి రెండు రోజుల కూలి 2,400. అడుగు చెక్కలు 1,500. స్పాంజి 3,300. దిండ్లకి దూది 900. అమ్మ పాత బూరుగుదూది పరుపొకటి ఏకిస్తే వస్తుంది కాబట్టి అది ఏకేవాళ్ళ కూలే. దర్రీ, గలేబు గుడ్డ, కుట్టుకూలి కలిపి 3,600. మొత్తం 13,500. రాజోలు నుంచి రవాణా నాన్న పెట్టుకుంటానన్నారు.

అవును, నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. కోయడం లేదు, రెండు కొత్త పట్టెలు మాత్రమే అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎవరూ ముట్టుకోవద్దు, నేనే విడదీస్తాను" అన్నారు. చిన్నప్పుడు వెల్లవేసేటప్పుడల్లా తాతగారితో కలిసి విప్పేవారట.

చేవకర్ర:
నాన్నగారికి చెప్పండి, విప్పేముందు కోళ్ళ లోపలివైపు చూడమనండి. ఉలితో కొట్టిన గీతలుంటాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పట్టె చివర కూడా అదే లెక్క. ఏ పట్టె ఏ కోడుదో మా పనివాళ్ళు అలా గుర్తు పెట్టేవాళ్ళు. కొత్త పట్టెలకీ అవే గీతలు కొట్టించండి. కుసి రాకపోతే ఇనుప సుత్తితో కొట్టొద్దు, చెక్క అడ్డం పెట్టి తట్టాలి.

పొదుపు పద్దు:
అటక మీద పెట్టేముందు ఆ పాత పట్టెలకి వేపనూనె పట్టించండి. ఏడాదికోసారి, నాన్నమ్మ తిథినాడు దించి చూసుకోండి. రోజు గుర్తుంటుంది.

గోదారి అమ్మాయి:
అలాగేనండీ. గీతల సంగతి నాన్నకి చెప్పాను. ఉన్నాయట, నాలుగో కోడు మీద నాలుగు గీతలకి బదులు ఐదున్నాయట. ఎందుకో తాతగారికి కూడా తెలియదట.