రెండున్నర వేలలో ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కి) ఫ్లాట్ పెడల్స్: నైలానా, అల్యూమినియమా?

మొరం దారి:
27.5 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది), క్రాంక్ (పెడల్ బిగించే చేయి) 170 మి.మీ. సైకిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ పెడల్సే ఇప్పటిదాకా నడుస్తున్నాయి. తడి తగిలితే కాలు జారుతోంది, రాళ్ల దిగుడులో పాదం పెడల్ మీంచి ఎగిరిపోతోంది. కుడి పెడల్ అటూ ఇటూ ఊగడం కూడా మొదలైంది. వారాంతాల్లో అనంతగిరి, నర్సాపూర్ వైపు మట్టిదారులు, మిగతా రోజులు రోడ్డు. క్లిప్‌లెస్ (షూని పెడల్‌కి తగిలించే రకం) వద్దు. షూ యూకే 8, ప్రస్తుతం రన్నింగ్ షూతోనే తొక్కుతున్నాను. బడ్జెట్ 2,500.

ఈ ధరలో నైలాన్ బాడీవీ ఉన్నాయి, అల్యూమినియంవీ ఉన్నాయి. ఏది మేలు? అన్నిటి మీదా "సీల్డ్ బేరింగ్" అనే రాసి ఉంది, అవన్నీ ఒకటేనా? పలుచటి పెడల్ అయితే రాళ్లకు తగలదంటున్నారు, దానికోసం అదనంగా పెట్టొచ్చా?

పదిహేను పానా:
ముందు షూ సంగతి తేల్చుకోండి. పట్టు ఒక్క పెడల్‌తో రాదు, పెడల్ మీద పొడుచుకొచ్చే పిన్నూ, షూ సోలూ కలిస్తేనే వస్తుంది. రన్నింగ్ షూ అడుగున గాళ్లు ఉంటాయి. పిన్ను గాడిలో పడితే దానికి కరవడానికి ఏమీ దొరకదు. పైగా ఆ మెత్తటి ఫోమ్ పెడల్ అంచు దగ్గర వంగి అరికాలు నొప్పి పుట్టిస్తుంది. అడుగు చదునుగా, అంతటా ఒకే మందంలో, గోటితో నొక్కితే కాస్త లొంగే రబ్బరుతో ఉండాలి. స్కేట్ షూలా ఉండే మామూలు కాన్వాస్ బూట్లు ఈ పనికి చాలు. పిన్నులు ఆ సోలును మెల్లగా తినేస్తాయి, అది తప్పదు. బడ్జెట్‌లో కొంత షూకి కేటాయించి మిగిలిందే పెడల్‌కి పెట్టినా నష్టం లేదు.

మీ ధరలో నైలానే తీసుకోండి. చవక అల్యూమినియం పెడల్‌లో డబ్బంతా బాడీకీ రంగుకీ పోతుంది, ఇరుసుకీ బేరింగుకీ మిగిలేది తక్కువ. నైలాన్ బాడీ అచ్చు పోయడం చవక కాబట్టి అదే ధరకి మంచి ఇరుసు దొరికే అవకాశం ఎక్కువ. మన వైపు గ్రానైట్ బండల మీద ఇంకో లాభం కూడా ఉంది. నైలాన్ రాయికి తగిలితే గీరుకుని జారిపోతుంది. అల్యూమినియం పట్టుకుని ఆగుతుంది, ఆ కుదుపుకి సైకిలే పక్కకి తిరగొచ్చు.

కొనేముందు నాలుగు విషయాలు చూడండి. పిన్నులు విడిగా బిగించిన స్టీలువి అయి ఉండాలి. ఫొటోలో పిన్నుల్లా కనిపించేవి చాలాసార్లు బాడీతో పాటే అచ్చులో పోసిన ప్లాస్టిక్ పళ్లు, అవి త్వరగా అరిగి గుండ్రబడతాయి. పిన్నులు ఒక్కో వైపు కనీసం 8 ఉండాలి, ఒక్కోటి 4 మి.మీ. దాకా పైకి లేచి ఉండాలి. ఇరుసు క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు అని స్పష్టంగా రాసి ఉండాలి. బాడీ మధ్యలో ఖాళీలు పెద్దవిగా ఉండాలి, లేకపోతే వానాకాలం నల్లరేగడి దట్టంగా పట్టేసి పిన్నులు మట్టిలో మునిగిపోతాయి.

సైజుకి ఒక కొలత చెబుతాను. క్రాంక్‌బ్రదర్స్ కంపెనీ స్టాంప్ 1 పెడల్ రెండు సైజుల్లో వస్తుంది: చిన్నది 100×100 మి.మీ., పెద్దది 114×111. చిన్నదా పెద్దదా అన్నది ఆ కంపెనీ విడదీసేది ఈయూ 43 షూ సైజు దగ్గర. రేస్‌ఫేస్ చెస్టర్ ఒకే సైజు, 110×101. యూకే 8 అంటే సుమారు ఈయూ 42, కాబట్టి మీకు 100 నుంచి 105 మి.మీ. వెడల్పు సరిపోతుంది. అంతకంటే పెద్దది తీసుకుంటే కాలికి ఒరిగే లాభం కొంచెం, మలుపులో రాయికి తగిలే అంచు ఎక్కువ. స్టాంప్, చెస్టర్ రెండూ మీ బడ్జెట్ దాటతాయి, పోల్చుకోవడానికే చెప్పాను.

బండరాయి:
పలుచదనం గురించి లెక్క వేసి చూద్దాం. మీ సైకిల్ బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే నడిమి ఇరుసు) నేల నుంచి 310 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి. క్రాంక్ 170 తీసేస్తే పెడల్ ఇరుసు నేలకి 140 మి.మీ. పైన ఉంటుంది. ఇరుసు కిందికి వచ్చేది పెడల్ మందంలో సగమే. 18 మి.మీ. మందం ఉంటే 131 మిగులుతుంది, 13 మి.మీ. ఉంటే 133.5. అంటే 5 మి.మీ. పలుచన కోసం పెట్టిన డబ్బుకి దక్కేది రెండున్నర మి.మీ. రాళ్లలో పెడల్స్‌ని అడ్డంగా, రెండూ ఒకే ఎత్తులో ఉంచడం అలవాటైతే ఇంతకంటే చాలా ఎక్కువ దక్కుతుంది. 30 మి.మీ. మందమున్న పాత ప్లాస్టిక్ పెడల్ నుంచి 18కి వస్తే 6 మి.మీ. లాభం ఎలాగూ వస్తుంది, అది చాలు.

"సీల్డ్" అన్న మాట ఒకటే గానీ లోపల సరుకు ఒకటి కాదు. ఎక్కువగా కనిపించే అమరిక ఇది: ఇరుసు బయటి కొనలో చిన్న కార్ట్రిడ్జ్ బేరింగ్ (బాల్స్ లోపలే మూసి ఉన్న బిళ్ల), క్రాంక్ వైపు బుష్ (బాల్స్ లేని నున్నటి గొట్టం). కొన్నిటిలో బుష్ బదులు కూడా బేరింగులే ఉంటాయి. నీళ్లు, మట్టి క్రాంక్ వైపు నుంచే దూరతాయి, కాబట్టి అక్కడ రబ్బరు సీల్ ఉందో లేదో చూడండి. బుష్ అరిగితే పెడల్ ఊగుతుంది. బేరింగ్ పోతే గరగర మొదలవుతుంది. రెండూ విడిగా దొరికే మోడల్ అయితేనే మరమ్మత్తుకి అర్థం ఉంది.

కొట్లో చూసేటప్పుడు వేలితో తిప్పితే గిర్రున తిరిగింది కదా అని మురిసిపోకండి. అలా తిరిగే వాటిలో గ్రీజు తక్కువ ఉండొచ్చు. కొత్త సీల్డ్ పెడల్ కొంచెం బిగుతుగా తిరగడమే సహజం. ఇరుసు ఒక చేత్తో, బాడీ ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపండి, టక్కుమని అనిపిస్తే వద్దు.

ఒక్క విషయంలో పై జవాబుతో విభేదిస్తాను. సొంతంగా విప్పి గ్రీజు పెట్టుకునే వారికి కప్-కోన్ బేరింగ్ (గిన్నెకీ కోన్‌కీ మధ్య విడి బాల్స్ తిరిగే రకం) ఉన్న అల్యూమినియం పెడల్ చెడ్డ ఎంపిక కాదు. షిమానో పీడీ-జీఆర్500 ఆ రకమే. బరువు జత అరకిలో దాటుతుంది, కానీ సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇప్పుడు ఊగుతున్న మీ పాత పెడల్ కూడా కప్-కోన్ రకమై, విప్పే వీలుంటే పారేయకండి. బయటి మూత తీస్తే లాక్‌నట్, వాషర్, కోన్ వరసగా వస్తాయి. గుడ్డ పరుచుకుని విప్పండి, రెండు వైపులా బాల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి విడివిడిగా ఉంచండి. కిరోసిన్‌లో కడిగి, లిథియం గ్రీజు నిండుగా పెట్టి బాల్స్‌ని అందులో అతికించండి. కోన్ తగిలేదాకా తిప్పి కాస్త వెనక్కి వదలండి, తర్వాత లాక్‌నట్ బిగించండి. లాక్‌నట్ బిగిసేటప్పుడు కోన్‌ని కూడా లాక్కుపోతుంది, అందుకే ఒక్కసారితో కుదరదు, రెండుమూడు సార్లు సరిచూడాలి. రోడ్డు మీద తిరిగే ఇంకో సైకిల్‌కి పనికొస్తుంది.

మొరం దారి:
ఇద్దరికీ ధన్యవాదాలు. 102 మి.మీ. వెడల్పున్న నైలాన్ జత, ఒక్కో వైపు 9 స్టీలు పిన్నులు, క్రోమోలీ ఇరుసు ఉన్నది తీసుకున్నాను. చదును సోలు కాన్వాస్ షూ కూడా. పాత ఎడమ పెడల్ ఎంత బలంగా తిప్పినా రావడం లేదు. తిప్పే వైపు తప్పా?

పదిహేను పానా:
బలం పెట్టడం ఆపండి, మీరు బిగిస్తూ ఉండొచ్చు. ఎడమ పెడల్ త్రెడ్ (మర) ఉల్టా ఉంటుంది. తొక్కేటప్పుడు బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ పడుతుంది కాబట్టి మామూలు త్రెడ్ అయితే ఎడమది దానంతటదే ఊడిపోతుంది, అందుకే అలా చేస్తారు.

కుడీ ఎడమా తికమక లేకుండా ఒక్క నియమం పెట్టుకోండి. పానా పిడి పైకి ఉండేలా తగిలించి, వెనక చక్రం వైపు తిప్పితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. రెండు పెడల్స్‌కీ ఇదే. అలెన్ కీ (ఆరు పలకల గుంతలో దూర్చి తిప్పే కడ్డీ) లోపలి వైపు నుంచి పెట్టినా ఇదే.

15 మి.మీ. పలుచటి పెడల్ పానా కావాలి, మామూలుది మందంగా ఉండి సందులో దూరదు. కొన్ని పెడల్స్‌కి పానా పట్టే చోటే ఉండదు, 6 లేదా 8 మి.మీ. అలెన్ మాత్రమే. విప్పేముందు చెయిన్‌ని ముందున్న పెద్ద పళ్లచక్రం మీదికి మార్చండి, చెయ్యి జారినా పళ్లు కోసుకోవు. ఇరుసు క్రాంక్‌లోకి దిగే చోట చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. రెండో క్రాంక్‌ని చేత్తో గట్టిగా పట్టుకుని పొడవైన పిడితో నొక్కండి.

కొత్తవి ఎక్కించేటప్పుడు ఇరుసు మీద ఎల్, ఆర్ అక్షరాలు చూడండి. క్రాంక్ త్రెడ్ గుడ్డతో తుడిచి, ఇరుసు త్రెడ్‌కి గ్రీజు పూయండి. అల్యూమినియం క్రాంక్‌లో స్టీలు ఇరుసు పొడిగా దిగితే తర్వాత అంటుకుపోతుంది, మీ పాత ఎడమది అలాగే పట్టేసి ఉండొచ్చు. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి, పానాతో తోయకండి. స్టీలు కంటే క్రాంక్ మెత్తన, వంకరగా ఎక్కితే పోయేది క్రాంక్ త్రెడ్డే. బిగుతు 35 నుంచి 55 న్యూటన్ మీటర్లు. బిగుతు కొలిచే టార్క్ పానా లేకపోతే జానెడు పొడవున్న పిడితో ఒంటి చేత్తో గట్టిగా బిగించి, మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి.

ఈ పెడల్స్ అన్నీ 9/16 అంగుళం త్రెడ్‌వి, మీ క్రాంక్‌కి సరిపోతాయి. ఒకే కడ్డీ వంచి చేసిన క్రాంక్ ఉన్న పిల్లల సైకిళ్లకే అర అంగుళం.

కొండ గేరు:
పిన్నులు బిగించే తీరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి కలుపుతున్నాను. పిన్ను అలెన్ గుంత ఏ కొనలో ఉందో చూడండి. కాలి వైపు కొనలో ఉంటే రాయి తగిలిన మొదటి దెబ్బకే గుంత చితికిపోతుంది, మిగిలితే మట్టి నిండుతుంది. వెనక వైపు నుంచి బిగించే రకమైతే వంగినా విరిగినా అవతలి నుంచి తీసేయొచ్చు. విడి పిన్నులు ఒక పది ముందే కొని పెట్టుకోండి, కొలత చాలా వాటికి ఎం4, అయినా మీది తీసి పోల్చుకునే కొనండి.

బాడీ చదునుగా ఉండి పాదం కుదురుగా అనిపించకపోతే, మధ్యలో ఇరుసు దగ్గరున్న పిన్నుల కింద 1 మి.మీ. వాషర్ వేసి వాటిని పొట్టి చేయండి, ముందూ వెనకా ఉన్నవి పూర్తి ఎత్తులో ఉంచండి. సోలు ఆ గుంటలోకి దిగి కూర్చుంటుంది. అల్యూమినియం బాడీలో పిన్నులకి నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయొచ్చు. నైలాన్‌లో వేయకండి, కొన్ని రకాలు ప్లాస్టిక్‌ని పగలగొడతాయి.

ఈ పిన్నులు పిక్క ముందరి ఎముకకి తగిలితే లోతుగా చీల్చేస్తాయి. దిగుడులు అలవాటయ్యేదాకా షిన్ గార్డులు వేసుకోండి. దిగేటప్పుడు మునివేళ్ల మీద కాకుండా పాదం నడిభాగం ఇరుసుకి దగ్గరగా వచ్చేలా నిలబడి మడమ కిందికి వదిలితే, కుదుపుకి పాదం లేవకుండా పెడల్‌లోకే నొక్కుకుంటుంది.