ఫ్రెంచ్ హార్న్ పైస్వరాలు పగులుతాండాయి, ఎట్ల ప్రాక్టీస్ చేయాల?

కేసీ కెనాల్ గట్టు:
అన్నా నమస్తే, మాది కర్నూలు. పదేండ్లుగా పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాండా, మొన్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ డబుల్ హార్న్ (ఎఫ్, బి ఫ్లాట్ అని రెండు గొట్టాలు ఒకదాంట్లోనే ఉండేది) దొరికితే రేటు తక్కువని తీసుకుంటి. కింద స్వరాలు బాగనే పలుకుతాండాయి, పైకి పోతే మాత్రం ఒకటనుకుంటే పక్కది వస్తాంది, లేదంటే కీచుమంటాంది. పక్కింటామె ఎనుము అరుస్తాందేమో అనుకునిందంట, అందుకే సాయంత్రం గట్టు మీదికి పోతాండా. మౌత్‌పీస్ మార్చాల్నా?

పాత బ్యాండు మనిషి:
మౌత్‌పీస్ జోలికి పోవద్దబ్బీ. ట్రంపెట్ గొట్టం నాలుగున్నర అడుగులు, హార్న్ ఎఫ్ సైడు విప్పి పరిస్తే 12 అడుగులు దాటుతాది, అందుకే వాల్వ్ (వేళ్లతో నొక్కే మీట) ముట్టకుండానే స్వరాలు వన్ టౌన్ సందులో ఇండ్ల మాదిరి ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి, ఒక తలుపు కొడితే పక్కది తెరుచుకుంటాది. ముందు నోటితో పాడు, చెవిలో నిలబడినాకనే ఊదు. నేనైతే ఫోన్లో తంబుర యాప్ ఎఫ్‌కు పెట్టుకొని, వాల్వులు ముట్టకుండా 4వ పార్షియల్ (గొట్టం తనంతట తాను పలికే స్వరాల వరుసలో నాలుగోది) నుంచి 8 దాకా నాలుక తగలకుండా మెల్లగా ఎక్కి దిగుతా, 15 నిమిషాలు అంతే. పెదవి మొద్దుబారితే ఆపేయ్, నేను మొండికి పోయి ఒక పెళ్లిళ్ల సీజనంతా పోగొట్టుకుంటి.

అనంతపురం శ్రుతి:
దాన్నే ఇంకా పైకి తీసుకుపో అన్నా. 7వది కైశికి నిషాదం కన్నా కొంచెం కిందికి, 11వది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ పలుకుతాది. తప్పని దిద్దొద్దు, లిగెటి అనే స్వరకర్త తన హాంబర్గ్ కన్సర్టోలో సోలో హార్న్ వెనక నాలుగు వాల్వుల్లేని హార్న్‌లు పెట్టి కావాలనే ఇట్లాంటి స్వరాలు వాడుకున్నాడు. ఇంకో స్వరకర్త మెస్సియాన్ అయితే 1970ల్లో ఒక పెద్ద ఆర్కెస్ట్రా రచన మధ్యలో ఒంటరి హార్న్‌కే ఒక భాగం రాసినాడు, వినాల్సిందే. ఊదుతానే గొంతుతో పైన ఇంకో స్వరం పాడి చూడు, సరిగ్గా కుదిరితే మూడోది కూడా వినిపిస్తాది. కొత్త ఫ్యాషనేం కాదప్పా, వెబర్ అనే స్వరకర్త 1815లో సరిచేసిన హార్న్ కన్సర్టినోలోనే ఉంది.

కేసీ కెనాల్ గట్టు:
11వది దొరికిందన్నా!! ఇన్నాళ్లూ దాన్నే తప్పని తిట్టుకుంటాంటి. ఇంకోటి, కుడిచేత్తో హార్న్ వెడల్పు మూతి (బెల్) మొత్తం మూస్తే స్వరం పైకి పోతాంది, హార్న్ ఏమన్నా చెడిందా?

పాత బ్యాండు మనిషి:
చెడలేదు, ఎఫ్ సైడులో అర స్వరం ఎక్కుతాది, వేళ్లు అర స్వరం కిందిది పట్టు. చేయి గట్టిగా మూయి, సందుంటే బుసకొడుతాది. ఇంకోటి, మన ఎండకు శ్రుతి ఎట్లా పైకి పోతాది, గట్టుకు పోయినాక ట్యూనింగ్ స్లైడ్ కొంచెం బయటికి లాగు.