డబ్బింగ్ వాక్యాలను లొకేషన్ సౌండ్‌తో కలపడానికి ఏ ఈక్యూ ప్లగిన్ సరైనది?

కొత్తచెవి:
మా లఘుచిత్రంలోని సంభాషణలను చిత్రీకరణ సమయంలోనే కాలర్ మైకుతో రికార్డు చేశాము. జనరేటరు శబ్దానికి చెడిపోయిన కొన్ని వాక్యాలను తరువాత అదే నటి చేత గదిలో కండెన్సర్ మైకు ముందు చెప్పించాము. రెండూ వెంటవెంటనే వింటే ఇద్దరు వేరువేరు మనుషులు మాట్లాడినట్లుంది. రీపర్ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రీఈక్యూ (ఈక్యూ అంటే ధ్వనిలోని ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ భాగాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) చాలునా, లేక ఒక రికార్డింగును మరొకదానికి దగ్గరగా తెచ్చే మ్యాచింగ్ సౌకర్యమున్న ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ, ఐజోటోప్ ఓజోన్ వంటివి కొనాలా?

కొలబద్ద:
ఏదీ కొననక్కరలేదు. రెండు మినిమమ్ ఫేజ్ (సాధారణ రకం) ఈక్యూలను ఒకే వక్రరేఖ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరుగుతుందో, తగ్గుతుందో చూపే గీత) వచ్చేటట్లు అమర్చి, ఒకదాని ఫలితాన్ని తలకిందులు చేసి రెండవదానితో కలపండి. దాదాపు నిశ్శబ్దమే మిగులుతుంది. దీనినే నల్ టెస్టు అంటారు. బ్యాండ్ (ఈక్యూ ఒక్కసారి మార్చే ఫ్రీక్వెన్సీ భాగం) వెడల్పును ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా లెక్కిస్తారు గనుక అంకెలు కాక ఆకారాన్ని సరిపోల్చాలి, అంతే. ప్లగిన్ పేరును బట్టి ధ్వని మారుతుందనుకోవడం ప్రకటనలను నమ్మడమే.

మిక్సింగ్‌బల్ల:
కొలబద్ద గారి మాట నిజమే కానీ, అడిగిన ప్రశ్న అది కాదు. రేఖ తెలిసిన తరువాత దానిని ఏ ఈక్యూతోనైనా గీయవచ్చు. ఆ రేఖ ఏదో కనుక్కోవడమే ఇక్కడి కష్టం. ఛాతీ మీది కాలర్ మైకులో 800 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బు ఉంటుంది, హల్లులకు స్పష్టతనిచ్చే 2 నుండి 4 కిలోహెర్ట్జ్ భాగం గడ్డం కింద పడి తగ్గిపోతుంది. నోటికి దగ్గరగా ఉంచిన కార్డియాయిడ్ (ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే) కండెన్సర్‌లోనైతే అడుగు భాగం (తక్కువ ఫ్రీక్వెన్సీలు) బరువెక్కుతుంది. మ్యాచింగ్ ప్లగిన్ ఈ రెండింటి సగటు స్పెక్ట్రమ్‌లను (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉన్నదో చూపే పటాలను) పోల్చి తేడాను చూపుతుంది. ప్రో-క్యూ ఆ తేడాను సవరించుకోదగిన బ్యాండ్లుగా ఇస్తుంది గనుక, అనవసరమైన వాటిని నేను చెరిపివేయగలను.

పిల్లనగ్రోవి:
మాక్ మీద లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్ వాడేవారికి అందులోనే మ్యాచ్ ఈక్యూ ఉన్నది, విడిగా కొననక్కరలేదు.

తీగలపెట్టె:
నల్ టెస్టు అన్ని చోట్లా నిలవదు. 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో (ధ్వనిని సెకనుకు 48 వేల నమూనాలుగా తీసేది, అందులో సగమైన 24 కిలోహెర్ట్జే దాని పైహద్దు) సాధారణ డిజిటల్ ఈక్యూతో 15 కిలోహెర్ట్జ్ వద్ద వెడల్పైన బ్యాండ్ పెడితే, దాని ఆకారం 24 కిలోహెర్ట్జ్ హద్దు వైపు నలిగిపోతుంది. దీనిని సరిదిద్దే ప్లగిన్లు ఉన్నాయి, సరిదిద్దనివీ ఉన్నాయి.

కొలబద్ద:
ఆడమనిషి మాటలో 15 కిలోహెర్ట్జ్ వద్ద మీకు ఏమి వినిపిస్తున్నదో చెప్పండి. ఇక్కడి గొడవంతా 5 కిలోహెర్ట్జ్ లోపలే ఉన్నది. అక్కడ నల్ కాని రెండు ఈక్యూలను ఎవరైనా చూపితే నేను ఈ వాదన విరమించుకుంటాను.

మిక్సింగ్‌బల్ల:
మళ్లీ అదే మాట! నల్ టెస్టును ఎవరూ కాదనలేదు. ఈక్యూను లీనియర్ ఫేజ్‌లో (ఫ్రీక్వెన్సీలన్నిటినీ సమానంగా ఆలస్యం చేసే పద్ధతిలో) పెట్టి అడుగు భాగాన్ని నిటారుగా కోస్తే, "ట", "ప" వంటి హల్లులకు ముందే చిన్న మోత మొదలవుతుందని చెప్పబోతున్నాను. మీరు నన్ను ప్రకటనలను నమ్మేవాడినని తేల్చేశారు. మీరు కలిపిన సంభాషణల ట్రాకు ఒక్కటి వినిపించండి, తరువాత మాట్లాడుకుందాము.

కొలబద్ద:
వినిపించడానికి నాకు పని ఇచ్చినవారెవరు? ఒక స్టూడియోలో నా నమూనా విని బాగుందన్నవారే, నేను వాడినవన్నీ ఉచిత ప్లగిన్లని తెలిసిన మరుక్షణం "మా దగ్గర ఇవి నడవవు" అన్నారు. ఫైలు అదే, చెవులు అవే. మారినది జాబితాలోని పేర్లు మాత్రమే. అందుకే నేను కొలతనే నమ్ముతాను. కొలతకు నా పెట్టెలో ఏమున్నదో అక్కరలేదు.

మిక్సింగ్‌బల్ల:
మీకు జరిగినది అన్యాయమే, కానీ ఆ కసిని నా మీద తీర్చుకోకండి. మన అసలు విభేదం ప్లగిన్ ధర గురించి కాదని ఇప్పుడు తెలుస్తున్నది. రెండు రేఖలు ఒకదానిపై ఒకటి పడితే సరిపోయినట్లేనని మీరంటారు. దృశ్యం నడుస్తుండగా ప్రేక్షకుడు అతుకును గుర్తించకపోతేనే సరిపోయినట్లని నేనంటాను. రేఖ కచ్చితంగా కుదిరినా అతుకు బయటపడిన వాక్యాలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి, ఎందుకంటే గది ప్రతిధ్వనినీ గొంతులోని ఆయాసాన్నీ ఏ ఈక్యూ తేలేదు.

కొలబద్ద:
ప్రేక్షకుడు గుర్తించలేదని నిర్ణయించేది ఎవరు? మీరే కదా! అప్పుడు కచ్చితత్వమనే మాటకు అర్థమేమి మిగిలింది?

అచ్చులహల్లులు:
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. మ్యాచింగ్‌కు ఏ వాక్యాన్ని ఆధారంగా తీసుకుంటున్నారో ఎవరూ అడగలేదు. ఒక వైపు స, శ, ష నిండిన వాక్యమూ, రెండవ వైపు అవి లేని వాక్యమూ పెడితే, మైకుల తేడాతో పాటు అక్షరాల తేడా కూడా రేఖలోకి ఎక్కుతుంది. జనరేటరు మోత ఉన్న భాగాన్ని ఆధారంగా ఇస్తే ప్లగిన్ ఆ మోతను కూడా గొంతులో భాగమే అనుకుంటుంది. అదే నటి మోత లేకుండా పలికిన వాక్యాన్ని అదే దృశ్యంలో వెతికి, దానినే గదిలో మళ్లీ చెప్పించి పోల్చండి. రేఖను బాగా నునుపు చేసి, సగం మాత్రమే వర్తింపజేసి వినండి.

కొత్తచెవి:
అటువంటి వాక్యం దొరికింది. నటి రేపు వస్తానన్నారు. ప్రో-క్యూ ట్రయల్ ప్రతితో రేఖ తీసుకొని, దానినే రీఈక్యూలో చేత్తో గీసి, రెండు ఫైళ్లూ పేర్లు లేకుండా ఇక్కడ పెడతాను.

కొలబద్ద:
రెండింటి బిగ్గరతనం సమానం చేసి పెట్టండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందంటారు.

మిక్సింగ్‌బల్ల:
చిత్రంతో కలిపి పెట్టండి.