ఈ గాజు వాజ్ అసలుదేనా? తెలిసినవాళ్ళు చెప్పండి

యానాంలో మా అమ్మమ్మగారి బీరువా సర్దుతుంటే పాత చీరల మధ్య ఒక గాజు ఫ్లవర్ వాజ్ దొరికిందండి. జానెడు ఎత్తు. తేనెరంగు గాజు మీద ముదురు గోధుమరంగు పొర, దాన్ని చెక్కి తీగలూ ఆకులూ తేల్చారు. వేలితో తడిమితే ఆకు అంచు తగులుతుంది.

ఒక ఆకు కింద 'గాలే' అని ఫ్రెంచిలో ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. ఫ్రాన్స్‌కి చెందిన పేరున్న గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో పోయాక, ఆయన ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు సంతకం పక్కన నక్షత్రం వేసేవారట. దీనికి నక్షత్రం లేదు. కానీ పేరు పక్కన వేలిగోరంత మేర గాజు అరగదీసినట్టుంది, నా టెన్షన్ అదే! రుమేనియాలో చేసే నకళ్ళ మీద 'టిప్' అని ఉంటుందట, అంటే 'ఆ తరహా' అని. కొందరు దాన్ని గీకేసి అమ్ముతారు.

అమ్మమ్మేమో 1954కి ముందు, ఫ్రెంచి వాళ్ళ హయాంలోనే ఇంట్లో ఉందంటుంది. మామయ్య నవ్వి ఊరుకుంటాడు. (ఆయన హైదరాబాద్‌లో పాత సామాన్లు తెగ కొనేవాడు లెండి.)

అరగదీసిన గుర్తు కాక ఇంకేం చూడాలి? అడుగు భాగం, చెక్కుడు లోతు, వీటిని బట్టి తెలుస్తుందా? ఫొటోలు ఏ వైపు నుంచి తీసి పెట్టమంటారు?