ఇంటి టైటిల్‌లో మా ఆవిడ పేరు పెట్టొచ్చా? (బే ఏరియా)

డబ్లిన్ నుంచి: అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాకి కొత్త. టౌన్‌హౌస్ కొంటున్నాం, లోన్ నా ఒక్కడి పేరు మీదే. మా ఆవిడది హెచ్4 (డిపెండెంట్ వీసా), ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు. టైటిల్ (అంటే ఇంటి యాజమాన్య హక్కు) ఎలా తీసుకుంటారని ఎస్క్రో (కొనుగోలు డబ్బు, కాగితాలు చూసే మధ్యవర్తి కంపెనీ) వాళ్లు ఫారం పంపారు. ఏం రాయాలి?

ఫ్రీమాంట్ నుంచి: నిక్షేపంగా పెట్టొచ్చు తమ్ముడూ. లోన్ వేరు, డీడ్ (యాజమాన్య పత్రం) వేరు. డీడ్‌లో పేరుకి ఎస్ఎస్ఎన్ అక్కర్లేదు. ఇంటర్‌స్పౌసల్ డీడ్ (భార్యాభర్తల్లో ఒకరు తమ వాటా రెండోవాళ్లకి రాసిచ్చేది) అనే కాగితం వస్తే మాత్రం జాగ్రత్త. మా రీఫైనాన్స్‌కి (పాత లోన్ తీర్చి కొత్తది తీసుకోవడానికి) నోటరీ రాత్రి ఎనిమిదింటికి వచ్చి, డైనింగ్ టేబుల్ మీద బెత్తెడు మందం కట్ట పెట్టాడు. పసుపు చీటీ ఉన్నచోటల్లా సంతకం చేయమన్నాడు. మా ఆవిడ ఒకటి ఆగి చదివితే, ఇంట్లో తన వాటా మొత్తం నాకు రాసిచ్చేస్తున్నట్టుంది! లెండర్‌కి ఫోన్ చేస్తే "ఫార్మాలిటీయే, తర్వాత మళ్లీ ఎక్కించుకోండి" అన్నారు. ఎవరెక్కించాలంటే ఎస్క్రో వాళ్లంటారు, వాళ్లనడిగితే మాకు సంబంధం లేదంటారు. నోటరీని అలాగే పంపేశాం. వారం తిరక్కుండా ఆ కాగితం లేకుండానే క్లోజ్ చేశారు.

ఎడిసన్ నుంచి: ఇంత తలనొప్పి దేనికి? భార్యాభర్తలని డీడ్‌లో రాస్తే చాలు, టెనెన్సీ బై ఎంటైరిటీ (భార్యాభర్తలిద్దరూ కలిసి మొత్తం ఇంటికి ఓనర్లు అనే పద్ధతి) అయిపోతుంది.

ఫ్రీమాంట్ నుంచి: గురువుగారూ, అది మీ న్యూజెర్సీలో. కాలిఫోర్నియాలో ఆ పద్ధతే లేదు.

శాన్ రామోన్ నుంచి: జాయింట్ టెనెన్సీ (ఇద్దరికీ సమాన వాటా, ఒకరు పోతే రెండోవాళ్లకే) పెట్టేయండి. ఇప్పుడే పెట్టించండి, తర్వాత పేరు చేరిస్తే ప్రాపర్టీ టాక్స్ పెరుగుతుంది.

కూపర్టినో నుంచి: పెరగదండీ, భార్యాభర్తల మధ్య మార్పుకి రీఅసెస్‌మెంట్ (టాక్స్ కోసం ఇంటి విలువ మళ్లీ కట్టడం) లేదు. జాయింట్ టెనెన్సీ కన్నా 2001 నుంచి ఉన్న కమ్యూనిటీ ప్రాపర్టీ విత్ రైట్ ఆఫ్ సర్వైవర్‌షిప్ (దంపతుల ఉమ్మడి ఆస్తి, ఒకరు పోతే మొత్తం రెండోవాళ్లకే) నయం. 8 లక్షల డాలర్లకి కొన్న ఇల్లు 16 లక్షలయ్యాక, అనకూడదు గానీ, ఒకరు పోయారనుకోండి. జాయింట్ టెనెన్సీలో పోయినవాళ్ల సగానికే బేసిస్ (టాక్స్ లెక్కలో కొన్న ధర) పెరుగుతుంది, మొత్తం 12 లక్షలు. కమ్యూనిటీ ప్రాపర్టీలో అయితే పూర్తిగా 16 లక్షలు. అమ్మినప్పుడు లాభం మీద పడే గెయిన్స్ టాక్స్‌లో ఆ తేడా అంతా తేలుతుంది.

శాన్ రామోన్ నుంచి: లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తిని పెట్టుకునే ట్రస్ట్) ఉంటే ఈ గోలే లేదు.

కూపర్టినో నుంచి: ట్రస్ట్ రాసుకుని, ఇంటిని దాని పేరు మీదకి మార్చనివాళ్లు మన గుళ్లోనే బోలెడుమంది, అలాంటి ట్రస్ట్ ఇంటికి పనికిరాదు.

డబ్లిన్ నుంచి: థాంక్స్ అక్కా. డౌన్ పేమెంట్‌లో కొంత మా నాన్నగారు ఇండియా నుంచి పంపారు. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

కూపర్టినో నుంచి: మీ ఒక్కరికే ఇచ్చిన గిఫ్ట్ అయితే ఆ డబ్బు మీ సొంతం కింద లెక్క. వైర్ కాగితాలు దాచండి. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) ఫారం 3520 కూడా వేయాలి.