455 హార్స్‌పవర్ అమ్మేసి 155 కొనడం తెలివితక్కువ పనా?

గోదారిగట్టు (షార్లెట్, నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. నా మొదటి పెద్ద బండి 2011 మస్టాంగ్ జీటీ, 412 హార్స్‌పవర్. అది ఇచ్చేసి 2016 కమారో ఎస్ఎస్ తీసుకున్నాను, 455. ఈ వరస చూస్తే తరవాతిది 500 దాటాలి. మా స్నేహితులందరూ అదే అనుకుంటున్నారు. నేనేమో మొన్న ఆదివారం ఒక సెకండ్‌హ్యాండ్ మాజ్డా మియాటా (ఇద్దరే పట్టే, టాప్ తీసేసే చిన్న కారు) నడిపి వచ్చి, నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. అది 2016 మోడల్, క్లబ్ రకం, ఆరు గేర్ల మాన్యువల్, 41 వేల మైళ్లు తిరిగింది. దాని శక్తి 155. అంటే నా కమారోలో మూడో వంతు!

మాకు బ్లూ రిడ్జ్ పార్క్‌వే, అదే కొండల మీది మలుపుల రోడ్డు, రెండు గంటల దూరం. నెలకోసారి తెల్లవారుజామున వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తాను. అక్కడ వేగపరిమితి 45 మైళ్లు. కమారో మొదటి గేరులోనే 45 దాటేస్తుంది, ఇంకా ఐదు గేర్లు మిగిలే ఉంటాయి. ఇద్దరికి అన్నం వండడానికి పెళ్లి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది నా పరిస్థితి. కాలు బిగపట్టుకుని నడపడమే తప్ప బండిని నిజంగా వాడింది ఎప్పుడని లెక్కేస్తే, ఆరేళ్లలో ఓ పావుగంట తేలుతుందేమో.

మియాటాలో రెండో గేరుని ఎర్రగీత దాకా, అంటే ఇంజన్ తిరగగలిగినంత దాకా, లాగినా వేగం ముల్లు 55 దగ్గర ఆగింది. మలుపులో బ్రేకు, క్లచ్, మూడు నుంచి రెండుకి గేరు... చేతికీ కాళ్లకూ తీరిక లేదు. నాకు చటుక్కున మా నాన్నగారి మారుతి 800 గుర్తొచ్చింది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురం కూర్చుంటే ఏసీ ఆపాల్సిందే. నాన్నగారు పక్కన కూర్చుని "రెండో గేరు, రెండో గేరు" అంటుండేవారు. ఆ 796 సీసీ ఇంజన్‌తో పైకి చేరితే ఏదో సాధించినట్టుండేది. కమారోతో ఏ కొండ ఎక్కినా అలా అనిపించలేదు, కొండ ఉన్నట్టే తెలియదు.

ఇక భయాలు. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద ఓ పెద్ద ట్రక్కు పక్కకి వచ్చింది. దాని చక్రం పైఅంచు నా చెవి ఎత్తులో తిరుగుతోంది. గుండె జారింది. ఇంకోటి, నేను ఆరడుగుల మనిషిని, స్టీరింగ్ మోకాలికి తగులుతోంది. మూడోది, ఈ బండి మొదటి మూడేళ్లూ ఒహాయోలో ఉందట. అమ్మే ఆయన రిటైరైన పెద్దమనిషి, ఆయిలు మార్చిన ప్రతి రసీదూ తేదీల వారీగా కవరులో పెట్టి ఉంచారు. అడుగుతున్నది 17,500 డాలర్లు.

ఎక్కువ శక్తి ఉన్న బండ్లు నడిపి, తరవాత ఇలా కిందికి దిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆరు నెలలకు నాలిక కరుచుకున్నారా? కొంటే ఇదే కొనాలా, డబ్బు పెంచి 181 హార్స్‌పవర్ వచ్చిన 2019కి వెళ్లాలా? "ఉన్నది అమ్మి చిన్నది కొనడానికి కూడా ఇంత ఆలోచనా?" అని మా ఆవిడ నవ్వుతోంది.

తుప్పువైద్యుడు (మిషిగన్)

మోకాలి సంగతి తరవాత, ముందు ఒహాయో సంగతి చూడండి. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మా దగ్గరలాగే. పైన పెళ్లికూతురిలా మెరిసే బండికి కింద ఏముందో లిఫ్టు మీద ఎక్కిస్తే గానీ తెలియదు. బ్రేకు గొట్టాలు, వెనక సస్పెన్షన్ బోల్టులు, సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే ఇనుప చట్రం) అతుకులు టార్చి వేసి చూడమనండి. పైపైన గోధుమరంగు తుప్పు పట్టడం మామూలే. పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం వదిలేయండి. అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా గట్టిగా అనుమానించండి.

ఇది అనుభవంతో చెబుతున్నాను. 2000 మోడల్ మియాటా ఒకటి కొన్నాను. టాప్ మీద పడ్డ నీళ్లు పోయే రంధ్రాలు ఆకులతో పూడుకుపోయి, తలుపు కింది పట్టీ లోపల్నుంచి కుళ్లిపోయింది. అమ్మినవాడు పుట్టీ పెట్టి రంగేశాడు. ఇంటికి తెచ్చాక మా అమ్మాయి ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని ఆడుకుంటూ అక్కడ పెడితే జారి కింద పడింది. అలా బయటపడింది! మీరూ ఓ అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అయితే 2016లో బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియం. అక్కడ అంటుకోలేదని పెద్దాయనతో తగువు పెట్టుకోకండి.

గేర్‌బాక్సు కూడా చూడాలి. ఈ తరంలో తొలి ఏళ్ల బండ్ల మీద ఫిర్యాదులున్నాయి, తరవాత కంపెనీ మార్పులు చేసింది. మీరు వెళ్లేముందు ఇంజన్ వేడెక్కించి ఉంచవద్దని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడే రెండు నుంచి మూడుకి వేసి చూడాలి.

వి8 విధేయుడు (డాలస్)

అందరూ కొనమనే చెబుతారు గనక నేను వద్దని చెబుతాను. మూడు నెలలు మోజు. నాలుగో నెల హైవే ఎక్కేటప్పుడు కాలు నొక్కితే ఏమీ జరగదు. అయిదో నెల ఇంజన్ శక్తి పెంచే టర్బో కిట్ల ధరలు చూస్తుంటారు. నా తమ్ముడి వరసవాడు ఒకడు అలాగే చేసి, చివరికి మస్టాంగ్ ఖర్చు మియాటాలో పోశాడు. 455 మీకు ఎక్కువైతే కాలు తగ్గించి నొక్కండి. దానికి డబ్బు ఖర్చు లేదు.

మలుపుల రాణి (బే ఏరియా)

విధేయుడు గారూ, ఆయన కాలు తగ్గించే నొక్కుతున్నారు, బాధే అది కదా!

గోదారిగట్టు గారూ, నేను దిగినదాన్నే. బీఎండబ్ల్యూ ఎం3 ఉండేది, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ రోజుల్లోది, 414 హార్స్‌పవర్. దాన్ని అమ్మి 2019 మియాటా కొన్నాను. మొదటి వారం మా ఇంటి దగ్గర ఫ్రీవే ఎక్కేటప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. కొండ మలుపుల స్కైలైన్ రోడ్డు మీదికి వెళ్లాక ఆ ఏడుపు గుర్తులేదు. ఇప్పటికీ ఫ్రీవే మీద ఆ ఎం3 కావాలనే అనిపిస్తుంది, అబద్ధం ఎందుకు.

2016కీ 2019కీ తేడా హార్స్‌పవర్ ఒక్కటే అనుకోకండి. పాతదాని ఇంజన్ నిమిషానికి 6,800 చుట్ల దగ్గర ఆగిపోతుంది, కొత్తది 7,500 దాకా తిరుగుతుంది. మీకు ఇంకా ముఖ్యమైనది, 2019 నుంచి స్టీరింగ్ ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది. 2016లో పైకీ కిందికీ మాత్రమే. ఆరడుగుల మనిషి పావుగంట నడిపి నిర్ణయించుకోకూడదు. పెద్దాయన ఒప్పుకుంటే గంటన్నర నడపండి. మోకాలు అప్పుడు చెబుతుంది. మీరు చూసినది క్లబ్ కావడం మంచిదే, మాన్యువల్ క్లబ్‌కి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించేది) ఉంటుంది, ఆ ఏడాది గ్రాండ్ టూరింగ్ రకానికి లేదు. 70లో వెళ్తూ ఫోనులో మాట్లాడాలన్న ఆశ మాత్రం వదిలేసుకోండి. మా అమ్మ "ఏ మిల్లులో ఉన్నావే" అంటుంది.

గోదారిగట్టు

పది రోజుల తరవాత రాస్తున్నాను, క్షమించాలి.

లిఫ్టు మీద ఎక్కించాం. సబ్‌ఫ్రేమ్ మీద గోధుమరంగు ఉంది, గీకితే కింద గట్టి ఇనుమే తగిలింది. చల్లటి ఇంజన్‌తో మూడో గేరు మెత్తగానే పడింది. అయస్కాంతం అన్ని చోట్లా పెట్టి చూశాను, పెద్దాయన ఏమీ అనకుండా కాఫీ తెచ్చిచ్చారు. మెకానిక్ పట్టుకున్నది వేరే. టైరు పక్కన నాలుగంకెలు 0816 అని ఉన్నాయి. 2016 ఎనిమిదో వారంలో తయారైనవన్నమాట. చారలు బాగానే ఉన్నాయి గానీ రబ్బరు చెక్కలా బిగుసుకుపోయింది. ఆ నాలుగంకెలు చూపించి 16,400కి ఒప్పించాను.

రాణి గారు చెప్పినట్టు గంటన్నర నడిపాను. సీటు వెనక్కి వాల్చి, ఒక గడి కిందికి జరిపితే మోకాలు తప్పుకుంది. స్టీరింగ్ కొంచెం దూరమైంది. దాంతో సర్దుకోగలను, 2019కి పెట్టే అదనపు డబ్బుతో సర్దుకోలేను.

విధేయుడు గారూ, మీరన్నది తీసిపారేయను. కమారో కొన్నాయన వీధి చివర మలుపు తిరిగి రెండో గేరు వేసిన చప్పుడు విన్నాక, చాలాసేపు లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. టర్బో కిట్ల ధరలు ఇంకా చూడలేదు. అయిదో నెల రాలేదు కదా.

డిక్కీ గురించి ఇద్దరు విడిగా అడిగారు. 130 లీటర్లు. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా, పెరుగు డబ్బాలు, బెండకాయలు పట్టాయి. కొత్తిమీర కట్ట మా ఆవిడ ఒళ్లో పెట్టుకుంది. ఎండ బాగుందని టాప్ తీసి వచ్చాం. ఇంటికొచ్చేసరికి ఆవిడ చేతిలో కాడలున్నాయి, జుట్టు నిండా ఆకులున్నాయి.